ముత్యాలు వెళ్లిన దారి

అచ్చిబాబు పుట్టిన లంకలో ఎత్తు అంటే కొబ్బరిచెట్టే. మొవ్వు దాకా ఎక్కి నిలబడితే గోదావరి పాయలు రెండూ, వాటి అవతల బూడిదరంగు గీతలా సముద్రమూ కనబడేవి. అంతకంటే పైకి వెళ్లడానికి ఏమీ ఉండేది కాదు. తండ్రిలాగే అతనూ దింపు పని నేర్చాడు. కాళ్లకు బంధం, మొలలో కత్తి. పొద్దుటి నుంచి ఎక్కడం, కోయడం, దిగడం. ఒక గాలివాన తోటల్ని పడుకోబెట్టేసిన ఏడాది ఎక్కడానికి చెట్లు లేకుండా పోయాయి. పెళ్లాం నాగేశ్వరిని అత్తవారింట దించి, డెబ్బై ఎనిమిదిలో బొంబాయి మీదుగా కువైట్ వచ్చాడు.

షువైఖ్ రేవులో బస్తాలు మోశాడు. ఎటు చూసినా నేల పడుకునే ఉండేది. ఎడారి అతనికి నీళ్లు తీసేసిన గోదావరిలా కనబడేది. ఒడ్డు ఎక్కడుందో తెలియని ఇసుక, ఏ పడవా రాని వెడల్పు.

ఒకరోజు క్రేను కొక్కెంలో చిక్కుకున్న తాడు విప్పడానికి నున్నటి ఇనుప స్తంభం మీదికి ఎగబాకాడు. సిమెంటు కోసం లారీ తెచ్చిన డ్రైవరొకడు కింద నిలబడి అంతా చూశాడు. అతని పేరు అల్లాబకష్, ఊరు రాయచోటి. జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పని. అచ్చిబాబు దిగీదిగగానే దగ్గరికి వచ్చాడు.

“ఏమప్పా, ఖర్జూరం చెట్టు ఎక్కుతావా?”

“కొబ్బరిచెట్టెక్కేవోడికి ఖర్జూరం ఏపాటిదండి.”

“ముండ్లుంటాయి నాయనా. సూదుల మాదిరి.”

“చెట్టన్నాకా ఏదోటి ఉంటాదండి. మాకాడ ఎర్రచీమలు.”

అలా అతను జహ్రా చేరాడు. ఇంటి పెద్దాయనను అందరూ బూ మిషారీ అనేవారు, అంటే మిషారీ తండ్రి. అక్కడ పెద్దల్ని కొడుకు పేరుతోనే పిలుస్తారు. పనివాళ్లకు ఆయన బాబా, ఆయన భార్య మామా. ఇంటి వెనక ఖర్జూరపు తోట ఉంది. మగచెట్టు పువ్వు పొడిని ఆడచెట్టు గెలలో చల్లాలని, మనిషి చేతులతో ఆ పెళ్లి చేయకపోతే కాయ నిలవదని అచ్చిబాబు అక్కడే నేర్చుకున్నాడు. బాబా కింద చాప మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి, అతను ఎక్కడం చూసేవాడు.

“ఏం కనబడుతోంది?” అని అడిగేవాడు రోజూ.

“ఇసుక, బాబా. రోడ్డు. మళ్లీ ఇసుక.”

“తరువాత?”

“సముద్రం.”

అది విన్నాక ఆయన ఇంకేమీ అడిగేవాడు కాదు. ఆయనకు ఒక చెవి వినబడదు. కళ్లు ఎప్పుడూ ఉప్పు పడ్డట్టు ఎర్రగా ఉండేవి. చమురు రాకముందు, ఆయన కుర్రతనంలో, ముత్యాల కోసం మునిగిన మనిషి. ముక్కుకు ఎముక బిగించి, కాలికి రాయి కట్టుకుని, నడుముకు తాడుతో అడుగుకు దిగేవాళ్లు. పైన పడవలో ఆ తాడు పట్టుకుని మరొకడు నిలబడేవాడు. వేసవి అంతా నీళ్లు ఆయన చెవుల్లో, కళ్లలో, ఊపిరిలో తమ గుర్తులు పెట్టి వెళ్లాయి. సముద్రం మానేసి నలభై ఏళ్లయినా ఆయన ఏ గదిలోకి వెళ్లేటప్పుడైనా ఓ క్షణం ఆగి, ఊపిరి నింపుకుని, అప్పుడు గడప దాటేవాడు.

తోటలో సాయంత్రాలు ఆయన చెప్పిన కథ ఒక్కటే. బొంబాయిలో ముత్యాలు కొనే గుజరాతీ వ్యాపారి ఒకసారి పళ్లెంలో రెండు కుప్పలు చేశాడట. పెద్దవి ఒక కుప్ప, ఆవగింజల్లాంటివి ఇంకో కుప్ప. పెద్దవి ఓడెక్కి దొరల దేశానికి పోతాయని, చిన్నవి గుర్రాల మీద మంచుకొండల అవతలికి పోతాయని చెప్పాడు. అక్కడి ఆడవాళ్లు వాటిని దండలు గుచ్చి చెవుల పక్కన వేలాడదీసుకుంటారు. సముద్రం అనే మాట తెలియని ఊళ్లు అవి. నేను భూమి అడుగు నుంచి తీసింది భూమి నెత్తిమీద ఉందన్నమాట, అనేవాడు బాబా. దాన్ని చూడాలి. పెద్ద ముత్యాల మీద ఆయనకు ఆశ లేదు. ఆ చిన్నవాటిలో కొన్ని ఆయన అన్న జాసిం తీసినవి. జాసిం ఆ వేసవే సముద్రంలో పోయాడు.

ఎనభై ఒకటి వేసవికి బాబా ప్రయాణం పెట్టుకున్నాడు. మామా ఏడ్చింది, అలిగింది, చివరికి ఉన్ని బట్టలు కొనిపెట్టింది. కొండల అవతలి లే ఊరి దాకా రోడ్డుందని, బస్సులే పోతున్నాయని అల్లాబకష్ ఎక్కడో కనుక్కొచ్చి చెప్పాడు. బాబా ఒప్పుకోలేదు. సముద్రం అడుక్కి కారులో దిగుతారా అన్నాడు. ముత్యాలు వెళ్లిన దారి గుర్రాల దారి, తాను ఆ దారినే వెళతానన్నాడు. ఉర్దూ మాట్లాడటానికి అల్లాబకష్, వంటకూ ఒంటికీ సాయానికి అచ్చిబాబు.

మంత్రిత్వ శాఖలో ఉద్యోగం చేసే మిషారీ, విమానాశ్రయంలో అచ్చిబాబును పక్కకు తీసుకెళ్లాడు. ఏమన్నా తేడా కనబడితే వెంటనే తండ్రిని వెనక్కి తిప్పాలని, ఆయన మాట కాదు తన మాట వినాలని మెల్లగా, వేలు చూపిస్తూ చెప్పాడు. ఇద్దరి ఇఖామాలూ, అంటే ఆ దేశంలో ఉండే అనుమతులు, తన చేతిలో ఉన్నాయన్న సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన పనిలేదు.

*

కాశ్మీరులో మొదటిరోజు అచ్చిబాబు ఊరికే నవ్వుతూ ఉన్నాడు. వరిచేలు. మోకాలి లోతు నీళ్లలో వంగి కలుపు తీస్తున్న ఆడవాళ్లు. ఆ చేల వెనకే, ఆకాశంలో ఎవరో తెల్లటి గుడ్డ ఆరేసినట్టు మంచు. ఇంత దగ్గరలో వరి, మంచు ఉండగలవని అతనికి తెలియదు.

అజీజ్ జూ అనే గుర్రాలవాడు దారి చూపడానికి కుదిరాడు. పొట్టిగా, గట్టిగా, ఎక్కువ మాట్లాడని మనిషి. ఒక కనుమ దాటించి వాడ్వాన్ లోయలోకి దించాడు. దూలాల మీద దూలాలు పేర్చి కట్టిన ఇళ్లు, పైకప్పుల మీద గడ్డి, గడ్డి మీద మేకపిల్లలు. చెక్క మసీదులో బాబా, అల్లాబకష్ నమాజు చేస్తుంటే అచ్చిబాబు బయట వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ నీళ్లు ఎముకలోకి దిగాయి. ఓ ముసలామె మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆమె భాష అతనికి రాదు, అతని భాష ఆమెకు రాదు. మజ్జిగ పుల్లగా ఉందని ఇద్దరూ ముఖాలతోనే మాట్లాడుకున్నారు.

ఇంకా పైన, దేవదారు చెట్లు పలచబడిన చోట, మేకలు తోలుకు తిరిగే బకర్వాళ్ల మందలు ఎదురయ్యాయి. పొడుగు గడ్డాల మగాళ్లు, గుర్రాల మీద కోళ్ల బుట్టలు, చంటిపిల్లలు. బాబా వాళ్లతో చాలాసేపు కూర్చున్నాడు. వీళ్లు కొండమీది బద్దూలు, మా ఎడారి సంచారుల్లాంటివాళ్లు అన్నాడు. ఇసుకలో డేరా వేసినా గడ్డిలో వేసినా, మనిషి పొద్దున్నే లేచి మబ్బు వైపే చూస్తాడు అన్నాడు.

మర్నాటికి చెట్లు అయిపోయాయి. అచ్చిబాబుకి గుండెల్లో ఏదో పట్టు తప్పినట్టయింది. ఎక్కడానికి పనికొచ్చే మాను ఒక్కటీ లేని ఎత్తు అది. రాయి, బూడిద, ఎండిన గడ్డి. కువైట్‌ని ఎవరో నిలువునా నిలబెట్టినట్టు ఉంది.

బియ్యం ఉడకడం మానేసింది. నీళ్లు గలగలా మరుగుతాయి, మెతుకు మాత్రం నడుమ రాయిలా ఉంటుంది. అల్లాబకష్ నములుతూ, “ఇది అన్నం కాదప్పా, ఇది తలంబ్రాలు” అన్నాడు. అచ్చిబాబు గంజి కాచి బాబాకు పట్టుకెళ్లాడు. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

రెండు రోజులుగా ఆయన పొద్దున మూడు ఖర్జూరాలు, గుక్కెడు కాఫీ తప్ప సూర్యుడు దిగేదాకా ఏమీ తీసుకోవడం లేదు. నీళ్లు కూడా. మునిగేవాళ్ల కట్టుబాటు అది. కడుపు నిండితే ఊపిరికి చోటుండదు, పొట్ట ఖాళీగా ఉన్నవాడే ఎక్కువసేపు కింద నిలవగలడు. నడకలోనూ ఆయనది సముద్రం పద్ధతే. ఛాతీ నిండా గాలి పీల్చి, బిగబట్టి, కొన్ని అడుగులు వేసి, ఆగి, వదిలేవాడు. వెనకవాళ్లకూ నేర్పాడు. అచ్చిబాబు భక్తిగా అలాగే నడిచి, కళ్ల ముందు మిణుగురులు లేచి, ఓ రాతి మీద కూలబడ్డాడు.

అజీజ్ జూ గుర్రం ఆపి వెనక్కి వచ్చాడు. ఇక్కడ గాలిని దాచుకోకూడదని, దొరికిన కొద్దీ తాగుతూ ఉండాలని, నీళ్లూ అంతేనని ఉర్దూలో అని, అల్లాబకష్ చేత బాబాకు చెప్పించాడు. బాబా నవ్వాడు. గుర్రాలవాళ్లు సముద్రపువాళ్లకు ఊపిరి నేర్పడం ఆయనకు వింతగా తోచింది. ఏ తిండీ లేకుండా, ఏ గాలీ లేకుండా తాను చూసిన లోతులు ఈ కొండలవాడికి ఎలా తెలుస్తాయి? గుర్రం ఎక్కమన్నా ఎక్కలేదు. మునిగేవాడు తన కాళ్లతో తానే నీళ్లలోకి దూకాలి.

ఆ సాయంత్రం డేరా దగ్గర ఎదురుదిశ నుంచి వచ్చిన వర్తకులు కలిశారు. వాళ్లు సురూ లోయవాళ్లు. చప్పిడి ముక్కులు, ఎండకు కమిలిన చెంపలు, గుర్రాల మీద ఉన్ని మూటలు. బాబా అడగమన్నది అల్లాబకష్ అడిగాడు. వాళ్లలో పెద్దవాడు తలూపాడు. మా ఊళ్లలో కాదు, ఇంకా అవతల బౌద్ధుల ఊళ్లలో ఉన్నాయన్నాడు. తలమీద నీలిరాళ్ల పట్టీ, చెవుల పక్కన తెల్లటి సన్నగింజల గుత్తులు. ముసలివాళ్ల దగ్గరే మంచివి ఉంటాయి, అమ్మమ్మల నుంచి వస్తాయి. కనుమ దాటితే సురూ, అక్కడి నుంచి గుర్రం మీద రెండు మజిలీలు.

బాబా ఆ మనిషి చేతిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అంతవరకూ అది ఎప్పుడో ఓ వ్యాపారి అన్న మాట. ఇప్పుడు అది రెండు మజిలీల దూరం.

ఆ సంతోషంలోనే ఆయన జాసిం గురించి చెప్పాడు. అంతకుముందు ఎప్పుడూ పోయాడనే చెప్పాడు గానీ ఎలాగో చెప్పలేదు. మునిగినవాడు ఊపిరి అయిపోగానే తాడు లాగుతాడు, పైనున్నవాడు ఒక్క ఊపున పైకి తీస్తాడు. జాసిం తాడు లాగలేదు. పైనున్నవాడు సైగ కోసం చూస్తూ నిలబడ్డాడు. అడుగున మనిషికి ఒక హాయి వస్తుందని, తల తేలికై ఇంకొంచెంసేపు ఉందామనిపిస్తుందని, అది వచ్చినవాడు తాడు లాగడని పడవలో అందరికీ తెలుసు. తెలిసీ వాడు సైగ కోసం ఆగాడు. పైకి తీశాక అన్న ఛాతీలో నీళ్ల చప్పుడు విన్నాను అన్నాడు బాబా. ఆ తాడు పట్టినవాడు తరువాత యాభై ఏళ్లు బతికాడు, ఒకే వీధిలో ఉన్నాం, ఒక్కసారి కూడా సలాం చెప్పలేదు అన్నాడు.

*

కనుమ కింద చివరి డేరా. తెల్లవారుతుంటే అచ్చిబాబు కాఫీ తీసుకెళ్లాడు. బాబా కూర్చుని ఉన్నాడు. పడుకుంటే గాలి ఆడటం లేదట. పెదవులు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. దగ్గుతున్నాడు, దగ్గులో గులాబీరంగు నురగ. అయినా ముఖం నవ్వుతోంది. ఈరోజే కదా అన్నాడు. తల ఎంత తేలికగా ఉందో అన్నాడు.

అచ్చిబాబు ఆయన వెనక్కి వెళ్లి, ఉన్ని కోటు మీద చెవి ఆనించాడు. లోపల బొడబొడమని చప్పుడు. ఖాళీ కుండ బావిలో మునుగుతున్నట్టు. చుట్టూ గుక్కెడు తడి లేని రాళ్లు, ఆకాశంలో మబ్బు ముక్క లేదు, ఆ మనిషి నీళ్లలో మునుగుతున్నాడు.

బయటికి వచ్చేసరికి అజీజ్ జూ గుర్రాలకు జీను వేస్తున్నాడు. దగ్గు విన్నాడు. కిందికి, వెంటనే కిందికి అన్నాడు. అల్లాబకష్‌కి మాత్రం అది నచ్చలేదు.

“యాడికప్పా కిందికి? కనుమ కండ్లముందరే ఉండాది. దాటితే అవతల జీపు రోడ్డంట, డాక్టరంట. వెనక్కి పోతే నాలుగు నాళ్లు ఇదే నడక. ముసలాయన కోరిక తీరతాది, మందూ దొరుకుతాది.”

“దాటాలంటే ఎక్కాలి గదా భాయ్. ఆయనింక ఎక్కలేడు.”

“నీకెట్ల తెలుసు? నువ్వేమన్నా డాక్టరా?”

“కాదు. ఛాతీలో నీళ్లు కదుల్తన్నాయ్. నేనిన్నాను.”

బాబా డేరాలోంచి వచ్చి నిలబడ్డాడు. గుర్రం ముఖం కింది వైపు తిరిగి ఉండటం చూశాడు. తిప్పమన్నాడు. అచ్చిబాబు కళ్లెం వదల్లేదు. బాబా కర్ర ఎత్తాడు, ఎత్తిన చెయ్యి సగంలోనే దిగిపోయింది.

“నీ కఫీల్‌ని నేను, నీకు పూచీ ఉన్నవాణ్ణి. పైకి తిప్పు.”

అచ్చిబాబు కళ్లెం చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

“ఇఖామా కోసం భయపడుతున్నావు. మిషారీకి భయపడుతున్నావు.”

“ఔను, బాబా. భయమే.”

ఆ మాటలో ఎంత నిజముందో ఆ క్షణంలో అతనికే తెలియదు. నాగేశ్వరి గుర్తొచ్చింది, మిషారీ వేలు గుర్తొచ్చింది. వాటి కింద ఇంకేదో ఉంది, దానికి అతని దగ్గర అరబీ మాట లేదు. తెలుగు మాట కూడా లేదేమో.

“నేను బాగున్నాను. నాకు తెలియదా నా ఊపిరి?” అన్నాడు బాబా. “నేను అడిగానా వెనక్కి వెళదామని?”

“అడగలేదు. జాసిం కూడా అడగలేదు, బాబా.”

గుర్రం ఒకటి ముక్కు చీదింది. కనుమ మీద ఎండ పడి, ఆ మంచు అంచు సన్నని తెల్లదారంలా వెలిగింది. బాబా దానివైపు చూశాడు. ఆయన కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి, అప్పుడేం జరిగిందో చెప్పలేం. కాసేపటికి మోకాళ్లు మడత పడ్డాయి. అల్లాబకష్ ఒక వైపు, అచ్చిబాబు ఒక వైపు పట్టుకుని గుర్రం ఎక్కించారు. పడిపోకుండా అచ్చిబాబు తన తలగుడ్డతో ఆయన నడుమును జీనుకు కట్టాడు.

దిగుతున్నంతసేపూ ఆయన తల వెనక్కే తిరిగి ఉంది. కొండ మలుపు వచ్చి కనుమను దాచేసిన తరువాత కూడా అలాగే ఉంది. చెట్లు మొదలయ్యే చోటికి వచ్చేసరికి దగ్గు తగ్గింది. దూలాల ఇళ్ల దగ్గర ఊపిరి నెమ్మదించింది. ఒక ఇంట్లో ఇచ్చిన గంజి పట్టపగలు, అందరి ముందు తాగాడు. లోయ బయటి ఆసుపత్రిలో డాక్టరు ఆయన ఛాతీ చూసి, ఇంకొన్ని గంటలు పైన ఉంటే దక్కేవాడు కాదన్నాడు. ఇకపైన ఎప్పుడూ, నడిచి గానీ కారులో గానీ, ఆ ఎత్తు కొండలకు పోకూడదన్నాడు. అల్లాబకష్ అది అరబీలోకి మార్చి చెప్పాడు. బాబా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

విమానం ఎక్కే ముందు ఆయన ఇద్దరినీ పిలిచి ఒక్కటే అడిగాడు. కొండమీద ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. ఇద్దరూ ఖురాన్ మీద, దేవుడి మీద ఒట్టు వేశారు. ఆ తరువాత ఆయన అచ్చిబాబుతో మాట్లాడలేదు.

*

జహ్రాలో ఆ శీతాకాలం అచ్చిబాబు చెట్లు ఎక్కుతూనే ఉన్నాడు. కింద చాప లేదు. పైన ఏం కనబడుతోందని అడిగేవాళ్లు లేరు. బాబా గదిలోకి కాఫీ తీసుకెళ్లే పని కూడా ఇంకొకరికి పోయింది. అల్లాబకష్ ఓదార్చబోయి వెక్కిరించేవాడు. “పానం కాపాడితివి, పలుకు పోగొట్టుకొంటివి. ఏమి యాపారమప్పా నీది.” అచ్చిబాబు నవ్వి, మొలలో కత్తి దోపుకుని చెట్టెక్కేవాడు.

ఒక శుక్రవారం దివానియాలో, అంటే ఇంటి మగవాళ్ల సావిట్లో, పాతకాలపు స్నేహితులు చేరారు. పడవల్లో కలిసి మునిగినవాళ్లలో మిగిలినవాళ్లు. పనివాళ్లు తక్కువై కాఫీ పోయడానికి అచ్చిబాబును పిలిచారు. ఒకాయన అడిగాడు, కొండలకు వెళ్లావట కదా, ముత్యాలు చూశావా అని.

బాబా కాసేపు తన చేతులు చూసుకున్నాడు. తరువాత చెప్పడం మొదలుపెట్టాడు. కనుమ ఎక్కామన్నాడు. పైన గాలి సముద్రం అడుగులా నిశ్శబ్దంగా ఉందన్నాడు. అవతలి లోయలోకి దిగి, రెండు మజిలీలు వెళ్లి, తెల్లటి గోడల ఊరు చేరామన్నాడు. వాకిట్లో ఒక ముసలామె ఉన్ని వడుకుతోంది. ఆమె చెవి పక్కన గుత్తులు. నేను దగ్గరికి వెళ్లి చూశాను, మన ముత్యాలే, పాలలో బూడిద కలిసిన ఆ రంగు మన నీళ్లకు తప్ప ఇంకే నీళ్లకూ రాదు అన్నాడు. ముసలివాళ్లు కన్నార్పకుండా వింటున్నారు. వాళ్లందరూ తీసినవే అవి. వాళ్లందరూ తమ చిన్నతనం ఎటు పోయిందో ఇప్పుడే వింటున్నారు. గుమ్మం దగ్గర మిషారీ కూడా నిలబడి ఉన్నాడు.

వాళ్లలో ఒకాయన అచ్చిబాబు వైపు తిరిగాడు. నువ్వూ చూశావా?

బాబా అతని వైపు చూడలేదు. అచ్చిబాబు చేతిలో దల్లా, ఆ కాఫీ కూజా, బరువుగా ఉంది.

“చూశాను” అన్నాడు అచ్చిబాబు. “ఆమె నవ్వితే అవి ఊగాయి.”

ఊగాయి, అని బాబా మెల్లగా అన్నాడు. ఆ మాట తనకే ఇప్పుడు ఎవరో ఇచ్చినట్టు. ఆ మర్నాటి నుంచి చాప మళ్లీ తోటలోకి వచ్చింది. ఆయన అడిగే ప్రశ్న మాత్రం మారింది. ఆ ముసలామె గురించి చెప్పు అనేవాడు. మోకాలి దెబ్బ మానాక కూడా ఆ చోటనే తడుముకున్నట్టు. అచ్చిబాబు చెప్పేవాడు. వాడ్వాన్ లోయలో తనకు మజ్జిగ ఇచ్చిన ముసలామె చేతులు ఈమెకు ఇచ్చాడు. సురూ వర్తకుడి చెంపల ఎరుపు ఇచ్చాడు. రెండేళ్లలో ఆమెకు మనవలు పుట్టారు, ఒక పన్ను ఊడింది, ఒక తెల్లగుర్రం ఉంది. ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ కనుమ మాట ఎత్తలేదు. క్షమించానని ఆయన అనలేదు, అడగాలని ఇతనికి తోచలేదు.

ఎనభై నాలుగు చలికాలంలో బాబా ఛాతీ మళ్లీ పాడైంది. ఆసుపత్రిలో కొన్నాళ్లుండి పోయాడు. పాత గాయమేదో ఊపిరితిత్తుల్లో ఉందని, ఎప్పుడైనా చాలా ఎత్తుకు వెళ్లారా అని డాక్టర్లు మిషారీని అడిగారు.

మూడురోజుల పరామర్శలు అయ్యాక మిషారీ అచ్చిబాబును దివానియాలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. పనివాణ్ణి కూర్చోమనడమే అచ్చిబాబుకి విషయం చెప్పేసింది.

“విమానాశ్రయంలో నీకేం చెప్పాను?”

“వెనక్కి తిప్పమన్నారు.”

“దగ్గు రాలేదా అక్కడ? ఊపిరి ఆడక కష్టపడలేదా?”

“పడ్డారు.”

“అయినా కనుమ దాటించావు.”

అచ్చిబాబు నేలమీది తివాసీ చూశాడు. ఎర్రటి పువ్వులు, నల్లటి అంచు. దివానియా అంతా ఆ ముసలివాళ్లు ఇంకా కూర్చుని వింటున్నట్టే ఉంది.

“దాటించాను” అన్నాడు.

మిషారీ కేకలు వేయలేదు. మంచి మనిషి. నాన్న నిన్ను ఇష్టపడ్డాడు కాబట్టి దేశం నుంచి పంపించడం లేదన్నాడు. సులైబియాలో తెలిసినవాళ్ల గోడౌన్ ఉంది, ఇఖామా అక్కడికి మారుస్తాను, నిన్ను రోజూ చూడలేను అన్నాడు. లేచి నిలబడి, వెళ్లబోతూ ఆగాడు. ఆమె నవ్విందన్నావు కదా, మా నాన్న కూడా నవ్వాడా అని అడిగాడు.

“నవ్వారు.”

సామాను ఎక్కువ లేదు. అల్లాబకష్ కారు గేటు దగ్గర పెట్టుకుని, ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. జహ్రా దాటాక ఇక ఆపుకోలేకపోయాడు.

“ఒట్టు ఆయనతోనే పాయె. నేను పోయి చెప్తా. తిప్పినోడివి నువ్వు. నువ్వు తిప్పబట్టే ముసలాయన మూడేండ్లు బతికినాడు. తిప్పలేదని నిన్ను తరుముతాండారు. ఇదేం నాయం అబ్బీ?”

“ఒద్దు భాయ్.”

“ఎందుకొద్దు? నేను సాచ్చిని గదా.”

“చెప్తే నా పని నాకొస్తాది.” అచ్చిబాబు కిటికీ అద్దం సగం దించాడు. వేడి గాలి, ఇసుక వాసన లోపలికి వచ్చాయి. “బాబా ముత్యాలు చూళ్లేదని తేలిపోద్ది. ఆ ముసలోళ్లందరూ ఇన్నారు గదా.”

అల్లాబకష్ గేరు మార్చాడు. రోడ్డుకు రెండు వైపులా గోడౌన్ల రేకులు మొదలయ్యాయి.

గోడౌన్‌లో అచ్చిబాబుకి కాపలా పని ఇచ్చారు. చుట్టూ మైళ్లకొద్దీ ఎక్కడానికి ఏమీ లేదు. కొన్నాళ్లకు అక్కడి బెంగాలీలు, మలయాళీలు అడిగారు, మంచుకొండలు చూశావటగా అని. చూశానన్నాడు. అవతల ఏముంది అన్నారు. అతను తెల్లటి గోడల ఊరు ఒకటుందని చెప్పడం మొదలుపెట్టాడు.